వెనుక తలుపు దగ్గరి కొండచిలువ

ఈ రోజుల్లో స్కూలు బస్సు నడిపే తమ్ముళ్లను చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఒంటి మీద యూనిఫాం, బస్సుకు పసుపు రంగు, కిటికీలకు అడ్డంగా ఇనుప చువ్వలు, మందుల డబ్బా, మంటలార్పే సిలిండరు. ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో బస్సులోనే రాసి ఉంటుంది. డెబ్బైల చివర, ఎనభైల మొదట్లో నేను హనుమకొండలో స్కూలు బస్సు నడిపినప్పుడు రూళ్లు లేవని కాదు. ఉండేవి. కాకపోతే అవి ఆర్టీవో ఆఫీసు బీరువాలో ఉండేవి, పిల్లలు నా బస్సులో ఉండేవారు. ఆ బీరువాకూ ఈ బస్సుకూ మధ్య ఉన్నది నా నోరొక్కటే.

ఆ నోటి వల్ల ఒకనాడు ఎంత పని జరిగిందో చెబుతాను. ఇందులో హారన్ సంగతి తప్ప మిగతాదంతా నిజం.

హారన్ సంగతి ముందే చెప్పేస్తే నా మనసు తేలికపడుతుంది. మడికొండలో నేను హారన్ కొడితే కాజీపేటలో బర్రెలు రోడ్డు దిగి, పక్కన వరుసగా నిలబడేవి. ఒక బర్రె అయితే దూడను కూడా మూతితో పక్కకు నెట్టేది. ఇది నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. ఇక మిగతాది వినండి.

ఆ బస్సు మా స్కూలుకు కొత్తది, లోకానికి పాతది. అంతకుముందు ములుగు అడవి దారిలో వెదురు కూలీలను మోసిందట. స్కూలువాళ్లు దాన్ని కొని, నీలం రంగు వేయించి, ముందు అద్దం మీద సరస్వతీదేవి బొమ్మ అంటించారు. రంగు ఆరింది గానీ బస్సు బుద్ధి మారలేదు. బ్రేకు తొక్కితే ముందు ఆలోచించి, తర్వాత ఆగేది. రెండో గేరు వేస్తే వెక్కిళ్లు పెట్టేది. ఎక్కడానికీ దిగడానికీ ముందు ఎడమ పక్కన ఒక తలుపు. వెనుక, సరిగ్గా నడిమిట్ల, ఇంకొక తలుపు. ఆ వెనుక తలుపు ఆపద సమయంలో దిగడానికని రూలు. దానికి లోపలి నుంచీ బయటి నుంచీ తీయగల ఒక ఇనుప గడియ, ఆ పక్కనే జాకీ, తాళ్లు పెట్టుకునే చెక్కపెట్టె. నా కథంతా ఆ గడియకూ ఆ పెట్టెకూ మధ్య జరిగింది.

నేను అంతకుముందు లారీ డ్రైవరును. మిరపకాయ బస్తాలు ఎక్కించుకుని నాగపూర్ దాకా, బెజవాడ దాకా తిరిగేవాణ్ణి. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ, నేను ఇంటికి వచ్చినప్పుడల్లా కుక్క మొరుగుతోందని, అది నన్ను గుర్తుపట్టే ఉద్యోగం ఏదైనా చూసుకోమని చెప్పింది. అందుకని స్కూలు బస్సు ఎక్కాను. మిరప బస్తాలకూ పిల్లలకూ ఉన్న తేడా నాకు మొదటి రోజే తెలిసింది. బస్తా కిటికీలోంచి చెయ్యి బయట పెట్టదు. బస్తా ఫుట్‌బోర్డు మీద నిలబడి పాట పాడదు. బస్తా పక్క బస్తా జడ లాగదు.

బస్సులో పిల్లలను చూసుకోవడానికి ఒక ఆయమ్మ ఉండేది. నాకంటే పదేళ్లు పెద్దది, నేను అక్కా అనేవాణ్ణి, నన్ను తమ్మీ అనేది. ఆమెకు ఒక పద్ధతి ఉండేది. పిల్లలు ఎక్కేటప్పుడు ఒక్కొక్కరి తల ముట్టేది, దిగేటప్పుడు మళ్లీ ముట్టేది. అంకెలు లెక్కపెట్టదు. పొద్దున ముట్టిన తల సాయంత్రం తన చేతికి తగలకపోతే అరచెయ్యి దురద పెడుతుందని చెప్పేది. నవ్వకండి, ఒకసారి ఒక పిల్లవాడు సీటు కింద నిద్రపోతే ఆ దురదే వాణ్ణి పట్టించింది.

ఆమెకు ఇంకొక గుణం ఉండేది, ఈ కథకు అదే ముఖ్యం. ఆమె పిల్లలతో అబద్ధమాడదు. స్కూల్లో టీకాలు వేయడానికి దవాఖాన వాళ్లు వచ్చిన రోజు టీచర్లందరూ అసలు నొప్పే ఉండదు, చీమ కుట్టినట్టు ఉంటుందని పిల్లలను బుజ్జగిస్తుంటే, రెండో తరగతి పిల్ల ఒకతి ఆయమ్మ కొంగు పట్టుకుని నొస్తదా అని అడిగింది. ఆ పిల్ల బియ్యం కొట్టు సేటు బిడ్డ, ముందు పళ్లు రెండు ఊడి ఉండేవి, ప్రశ్నలు మాత్రం ఆ సందులోంచి తుపాకీ గుళ్లలాగా వచ్చేవి.

"నొస్తది బిడ్డా. చీమ కుట్టినంత కాదు, తేలు కుట్టినంత కాదు. నడిమిట్ల," అంది ఆయమ్మ.

ఆ పిల్ల కాసేపు ఆలోచించి, చెయ్యి చాపింది. మిగతా పిల్లలు టీచర్ల మాట నమ్మి వెళ్లి, సూది దిగాక బడి పైకప్పు ఎగిరేటట్టు ఏడ్చారు.

నా పద్ధతి వేరు. నాకు ఉన్నమాట ఉన్నట్టు చెబితే నాలుక మీద ఉప్పు లేనట్టు ఉంటుంది. కిటికీలోంచి చేతులు పెట్టవద్దని చెప్పి చెప్పి గొంతు పోయాక, కాజీపేట మలుపులో ఉన్న చింతచెట్టుకు వేళ్లు లెక్కపెట్టే అలవాటుందని, బయటికి కనిపించిన చేతి నుంచి ఒక వేలు ఉంచుకుంటుందని చెప్పాను. ఆ మలుపు రాగానే బస్సంతా చేతులు కట్టుకుని కూచునేది. ఫుట్‌బోర్డు బస్సుకు నాలుక అని, దాని మీద నిలబడితే బస్సుకు కితకితలై వెక్కిళ్లు వస్తాయని చెప్పాను. ఎవడో పరీక్షించడానికి నిలబడ్డాడు. అదే సమయానికి నేను రెండో గేరు వేశాను. ఇక ఫుట్‌బోర్డు జోలికి ఎవరూ పోలేదు. మీకు రూల్ బుక్కు ఉంది తమ్ముళ్లూ, నాకు గేరుబాక్సు ఉండేది.

అసలు కష్టం వెనుక తలుపుతో వచ్చింది. ఒక సాయంత్రం బస్సు పోతుండగా ఐదో తరగతి పిల్లలు గడియతో ఆడి దాన్ని పైకి లేపారు. తలుపు భళ్లున తెరుచుకుంది. ఒక పుస్తకాల సంచి కిందపడి రోడ్డు మీద దొర్లింది. వెనుక వచ్చే ఎడ్లబండివాడు సంచిని తీసి ఇచ్చి, సంచే పడింది కదా అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ సంచి యజమాని దాని పక్కనే కూచుని ఉన్నాడు.

మర్నాడు పొద్దున నేను బస్సు కదిలించకుండా వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి చెప్పాను. ఈ బస్సు ములుగు అడవిలో తిరిగినప్పుడు చలికాలంలో వెచ్చదనానికని ఒక కొండచిలువ ఎక్కింది. దిగలేదు. ఆ పెట్టె వెనక పండుకుని ఉంది. దానికి పిల్లల అల్లరి వినపడదు, పాటలు వినపడవు. వినపడేదల్లా గడియ చప్పుడొక్కటే. ముట్టనంత కాలం నిద్రపోతుంది.

సాక్ష్యం కావాలి కదా. పంక్చరైన లారీ ట్యూబు ముక్క ఒకటి పెట్టె సందులోంచి జానెడు బయటికి కనిపించేలా పెట్టాను. నల్లగా, కొద్దిగా వంకరగా. తోక అని నేను చెప్పలేదు. పిల్లలే చెప్పుకున్నారు.

ఆ రోజు నుంచి వెనుక సీటు ఖాళీ. గడియకు తుప్పు పట్టింది. కొండచిలువ మాత్రం ఏటేటా పెరిగింది. నేను పెంచలేదు, పై తరగతి పిల్లలు కింది తరగతి పిల్లలకు చెప్పేటప్పుడు తలా మూరెడు కలిపారు. కొందరు దాని కోసం ఇడ్లీ ముక్కలు వదిలేవారు, ఆయమ్మ తిట్టుకుంటూ ఊడ్చేది.

"తమ్మీ, పోరగాండ్లకు గివేం మాటలు చెప్తానవ్? తలుపు తీస్తే కింద పడతరని చెప్పరాదా?" అని అడిగిందొకసారి.

"పడుడంటే వాళ్లకు ఆట అక్కా. పామంటేనే భయం."

"రేపు ఆ తలుపు తోటి పని పడితే ఏం జేస్తవ్?"

అప్పటి సంగతి అప్పుడు చూద్దాం, ఫికర్ చెయ్యకు అన్నాను. ఫికర్ చేసే పని నాదేనని నాకు అప్పుడు తోచలేదు.

కొన్నాళ్లకు బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. అంటే బండ్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చే ఆర్టీవో ఆఫీసు ఆఫీసరు. సాధారణంగా ఆయన బండినే చూస్తాడు. ఈయన కొత్తగా వచ్చాడు, ఉత్సాహం మీద ఉన్నాడు, పిల్లలను కూడా చూస్తానన్నాడు. అందరినీ బస్సులో కూచోబెట్టి, ఇప్పుడు ముందు తలుపు మూసుకుపోయింది అనుకోండి, ఎటు నుంచి దిగుతారు అని అడిగాడు. కిటికీలోంచి అన్నాడొకడు. డ్రైవరన్న తలుపు నుంచి అన్నాడు ఇంకొకడు. ఆయన వెనక్కి నడిచి, మరి ఇది దేనికి అని గడియ మీద చెయ్యి వెయ్యబోయాడు.

బియ్యం కొట్టు సేటు బిడ్డ లేచి నిలబడి, ఎంతో మర్యాదగా చెప్పింది.

"ముట్టకండ్రి సార్. కొండచిలువ పండుకున్నది."

ఇన్‌స్పెక్టరు చెయ్యి వెనక్కి తీసుకుని ట్యూబు ముక్కను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నేను సరస్వతీదేవిని చూశాను. ఆయన కిందికి దిగి, మా హెడ్మిస్ట్రెస్ పెద్ద మేడం ముందే నాకు గడువు పెట్టాడు. వానాకాలం పోయేలోగా మళ్లీ వస్తాను, ఆ రోజు పిల్లలంతా వెనుక తలుపు నుంచి దిగాలి, ఒక్కరు మొరాయించినా బస్సు నిలిపేస్తాను, ఈ డ్రైవరు మళ్లీ లారీ చూసుకోవచ్చు అన్నాడు. పెద్ద మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆవిడ కళ్లద్దాలు తుడుచుకున్నారంటే ఎవరికో మూడిందని స్కూల్లో అందరికీ తెలుసు.

సరే, పుట్టించినవాణ్ణి నేనే కదా, చంపడం ఎంతసేపు అనుకున్నాను. చాలాసేపే పట్టింది.

ముందుగా నేనే గడియ తీసి, వెనుక తలుపు నుంచి దిగి, మళ్లీ ఎక్కి, చేతులు చాపి చూపించాను. నన్నేమీ చెయ్యలేదు చూడండి అన్నాను. నిన్నెందుకు చేస్తది డ్రైవరన్నా, అది నీ దోస్తు గదా అంది సేటు బిడ్డ. పిల్లలంతా తలలూపారు. పెట్టె తెరిచి జాకీ, తాళ్లు బయటపెట్టి, ఇందులో ఇంకేమీ లేదు చూడమన్నాను. అయితే బస్సు కిందికి పోయిందన్నారు. అంతవరకు వెనుక సీటే ఖాళీగా ఉండేది, ఇప్పుడు మిగతావాళ్లు కాళ్లు పైకి పెట్టుకుని కూచోవడం మొదలుపెట్టారు. చివరికి పెద్ద మేడం స్వయంగా వచ్చి, ఈ బస్సులో ఏ పామూ లేదని ఇంగ్లీషులో ఉపన్యాసం ఇచ్చారు. అంతా విన్నాక సేటు బిడ్డ, మేడం మీరు ఎన్నడన్న ఈ బస్సు ఎక్కినారా అని అడిగింది. మేడం కళ్లద్దాలు తీశారు.

ఆ పాము అబద్ధమంత గట్టిగా నా బతుకులో నేను కట్టింది ఇంకొకటి లేదు. గోడ కట్టినా కూలేది.

ఇలా ఉండగా ఆ వాన వచ్చింది.

మధ్యాహ్నం దాకా ఎండ. స్కూలు వదిలే వేళకు ఆకాశం మూసుకుని, కుండలతో కుమ్మరించినట్టు కురిసింది. హనుమకొండ పిల్లలను దించి, రైలు పట్టాలకు అవతల ఉన్న వాడల పిల్లలను తీసుకుని వరంగల్ వైపు వచ్చాను. పట్టాలు దాటాలంటే అండర్ బ్రిడ్జి కిందినుంచి పోవాలి. రెండు వైపులా రోడ్డు కిందికి వాలి, నడుమ పళ్లెంలాగా ఉంటుంది. ఊళ్లో పడిన వాన సగం ఆ పళ్లెంలోకే వస్తుంది. నేను అక్కడికి చేరేసరికి అడుగున నీళ్లు నిలబడి ఉన్నాయి. నా ముందు ఒక లారీ వాటిని చీల్చుకుంటూ అవతలికి ఎక్కేసింది. దానికి దారి ఉంటే నాకు ఉండదా అనుకున్నాను. తమ్ముళ్లూ, లోతు కంటికి కనపడని నీళ్లలోకి పిల్లలున్న బండిని దించవద్దు. ఆ లారీ చక్రం నా బస్సు చక్రం కంటే పెద్దదని నాకు తెలుసు, లారీ నడిపినవాణ్ణి కదా. తెలిసినా దించాను. ఇందులో ఏ కథా లేదు, గుర్తుపెట్టుకోండి.

ముందు చక్రాలు అడుగుకు చేరగానే బస్సు దగ్గింది, రెండుసార్లు గురగురమంది, ఆగిపోయింది. ముందు భాగం నీళ్లలో, వెనుక భాగం ఇంకా వాలు మీద. సెల్ఫ్ స్టార్టరు కొడితే టిక్కుమంటుంది, అంతే. నీళ్లు రెండు రోడ్ల నుంచి కాలువల్లాగా దిగుతున్నాయి. ఫుట్‌బోర్డు మెట్లు కనపడకుండా పోయాయి. ముందు తలుపు బయట నీళ్లు అప్పటికే పిల్లల నడుము లోతు, వడి కూడా ఉంది. అటు దింపితే పిల్లలు నిలబడలేరు.

"తమ్మీ, ఎనుక తలుపు," అంది ఆయమ్మ.

నేను సీటు కింది జాకీ రాడ్డు తీసుకుని నా పక్క తలుపు నుంచి దూకి, తొడల లోతు నీళ్లలో ఈదినట్టు నడిచి వెనక్కి వెళ్లాను. అక్కడ వాలు మీద నీళ్లు చీలమండ దాకానే ఉన్నాయి. తుప్పు పట్టిన గడియను జాకీ రాడ్డుతో కొట్టి తెరిచాను. పైన రోడ్డు పక్క రేకుల కింద, గూడ్సు బండ్లలో బస్తాలు దించే హమాలీలు వాన తగ్గాలని నిలబడి ఉన్నారు. నా అరుపు విని నలుగురైదుగురు పరిగెత్తుకొచ్చారు. అంతా సిద్ధం. నేను చేతులు చాపి, రండి బిడ్డా అన్నాను.

ఒక్కరూ రాలేదు. రాకపోగా, గడియ చప్పుడు విన్నారు కాబట్టి పామునుంచి దూరంగా ముందుకు, అంటే నీళ్లవైపు జరిగారు. నా సీటు చుట్టూ, ఇంజను మూత మీద, ఒకరి మీద ఒకరు. నీళ్లు పై మెట్టు దాటి బస్సు లోపలికి వచ్చాయి. చిన్నపిల్లల చెప్పులు తేలుతున్నాయి.

అప్పుడు నేను నా జీవితంలో అరుదుగా చేసే పని చేశాను. నిజం చెప్పాను.

"పాము లేదు. నేనే కల్పించిన. ఒట్టు."

సేటు బిడ్డ ఇంజను మూత మీద నిలబడి నన్ను చూసింది.

"మొన్న ఉన్నదన్నవు. ఇప్పుడు లేదంటానవ్. అండ్ల ఏది అబద్ధం డ్రైవరన్నా?"

కోర్టులో లాయర్లు కూడా అంత సూటిగా అడగరు. మాట తోచకపోతే చెయ్యి ఆడుతుంది కదా, ఇదిగో చూడండి, ఇది ట్యూబు అంటూ పెట్టె సందులోంచి ఆ నల్లటి ముక్కను పట్టి లాగాను. అది తడిసి జారి, నా చేతిలో మెలికలు తిరిగింది. బస్సులో లేచిన కేక అండర్ బ్రిడ్జి కింద తగిలి రెండుగా తిరిగొచ్చింది. ఇద్దరు పిల్లలు ముందు తలుపు వైపే దూకబోతే ఆయమ్మ చెరొక చేత్తో పట్టుకుంది. నా వెనక నిలబడ్డ హమాలీ ఒకాయన కూడా రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆయమ్మ మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఉంది. చీర కుచ్చిళ్లు నడుముకు దోపుకుంది. నన్ను చూసింది. ఆ చూపు నాకిప్పటికీ కనిపిస్తుంది. కోపం కాదది. చేతికి బంగారు గాజు ఉన్నవాళ్లు అమ్ముకునే ముందు దాన్ని ఒకసారి చూసుకుంటారే, అలాంటి చూపు. తర్వాత పిల్లల వైపు తిరిగింది. గొంతు కూడా పెంచలేదు.

"పాము పోయింది బిడ్డా. నిన్న పొద్దుగాల నేను బస్సు ఊడుస్తాంటె పోయింది. నా కండ్లతోని సూసిన."

కేకలు ఆగాయి. సేటు బిడ్డ అడిగింది.

"నిజమా ఆయమ్మా?"

"నిజం."

అంతే. పాము ఎటు పోయిందని గానీ, ఎందుకు పోయిందని గానీ ఎవరూ అడగలేదు. ఆ పిల్ల ఇంజను మూత దిగి, నీళ్లలో కాళ్లు ఈడ్చుకుంటూ ఆయమ్మ దగ్గరికి వెళ్లి తల వంచింది. ఆయమ్మ ముట్టింది. పిల్ల సీట్ల మధ్య నుంచి వెనక్కి నడిచి వచ్చి, తలుపు దగ్గర ఒక్క క్షణం పెట్టె వైపు చూసి, నా చేతుల్లోకి దూకింది. దాని వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. రోజూ దిగినట్టే, తల ముట్టించుకుంటూ, వరుసలో. నేను అందుకుని హమాలీకి ఇస్తే ఆయన పైవాడికి, ఆ పైవాడు రేకుల కిందికి. రోజంతా బస్తాలు అందుకునే చేతులు అవి, ఆ రోజు మాత్రం ఒక్కొక్కరినీ గాజు సీసాలాగా పట్టుకున్నాయి. ఒక హమాలీ ఇది తేలిక సరుకు అని నవ్వితే, నేను సరుకు కాదు, మూడో తరగతి అని ఒక పిల్లవాడు కోపగించాడు.

ఆఖరున ఆయమ్మ వచ్చింది. అప్పటికి ముందు సీట్ల మీదికి నీళ్లు ఎక్కాయి. రేకుల కిందికి చేరాక కూడా ఆమె మళ్లీ ఒక్కొక్క తలా ముట్టి చూసుకుంది. ఆ తర్వాత అరచెయ్యి తిప్పి చూసుకుంది. దురద లేదన్నమాట.

ఆ సాయంత్రం తల్లిదండ్రులు నన్ను ఏమేం అన్నారో రాస్తే పత్రికవాళ్లు అచ్చు వెయ్యరు. పెద్ద మేడం ఒకే మాట అడిగారు, ఆ నీళ్లలోకి ఎందుకు దిగావని. లారీ పోయింది మేడం అన్నాను. అయితే లారీకే పోతావా అన్నారు. ఆయమ్మ పక్కనుంచి, ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా ఉంచండి మేడం, తర్వాత మీ ఇష్టం అని చెప్పింది.

కానీ నాతో మాట్లాడడం మానేసింది. బస్సు బాగుపడి వచ్చాక కూడా ఎక్కడం, తలలు ముట్టడం, దిగడం. రెండు మూడు రోజులు చూసి, అక్కా ఏమైందని అడిగాను.

"ఇన్నేండ్లల్ల పోరగాండ్లకు ఒక్క అబద్ధం చెప్పలే. నీ పాము చెప్పిచ్చింది," అంది.

నేను ఆమెను నవ్విద్దామని, పాము రావడం నా అబద్ధం, పోవడమే కదా నీది, పెద్ద సగం నాదే అన్నాను. ఆమె నవ్వలేదు. నాకు కూడా అప్పుడే తట్టింది. నేను అన్నేళ్లుగా రోజుకింత చొప్పున ఖర్చు పెట్టిన పిల్లల నమ్మకాన్ని ఆమె పైసా కూడా ఖర్చు పెట్టకుండా దాచిపెట్టింది. అవసరం పడిన రోజు నా దగ్గర చిల్లిగవ్వ లేదు. ఆమె దాచిందంతా ఒక్క దెబ్బకు తీసి నా పిల్లల మీద పెట్టింది.

ఇంకొక చిక్కు కూడా వచ్చింది. పాము పోయింది కాబట్టి ఐదో తరగతి చేతులు మళ్లీ గడియ వైపు పాకాయి. నేను నోరు తెరవబోతే ఆయమ్మ వేలు చూపించి నన్ను ఆపింది. పిల్లల ముందు నిలబడి, బస్సు పోతుండగా తలుపు తీస్తే పడతారని, పడితే తల పగులుతుందని, పగిలిన తల మళ్లీ అతకదని చెప్పింది. అంతే. కాస్త ఉప్పూ కారం కూడా లేదు. వాళ్లు చేతులు తీసేశారు. ఇది ముందే చెప్పి ఉంటే పోయేది కదా అని నాకు ఉడుకుమోత్తనం వచ్చింది. ఆమె ముందే చెప్పమందని తర్వాత గుర్తొచ్చింది.

ఆ తర్వాత ప్రతి శనివారం బడి వదిలాక, బస్సు నిలబెట్టి అందరూ వెనుక తలుపు నుంచి దిగడం ఒక పద్ధతి అయింది. చిన్నవాళ్లు ముందు, పెద్దవాళ్లు తర్వాత, తోసుకోకుండా. గడియకు నేను నూనె రాసేవాణ్ణి. పిల్లలకు అది ఆటయింది. శనివారం సెలవొస్తే అలిగేవాళ్లు.

వానలు తగ్గుముఖం పట్టాక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. దిగండి అన్నాడు. ఆయన పెన్ను మూత తీసేలోగా బస్సు ఖాళీ. పిల్లలు నేల మీద వరుసగా నిలబడి ఇంకేమైనా చెప్తాడేమోనని చూస్తున్నారు. ఆయన ముఖం విప్పారింది. సంతోషంలో మనిషి నోరు ఊరుకోదు కదా, చమత్కారంగా అడిగాడు, మరి ఆ పాము సంగతేమిటి అని.

పిల్లలంతా ఆయమ్మ వైపు తిరిగారు. నా వైపు ఒక్కరు కూడా తిరగలేదు.

లేనేలేదు సార్ అంటే, ఆ వానలో ఆమె చెప్పింది అబద్ధమని పిల్లల ముందే తేలిపోతుంది. రేపు ఏ నీళ్లలోనో, ఏ నిప్పులోనో ఆమె మాట మీద ఎవరు కదులుతారు? ఉండె, పోయింది అంటే మళ్లీ అబద్ధం, అదీ సర్కారు ఆఫీసరుతో. ఆమె ఎంత నలిగిపోయిందో చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. నేనేదైనా అల్లి ఆదుకుందామని దగ్గాను. ఆమె నా వైపు చూడకుండానే చెప్పింది.

"ఈ బస్సుల ఇప్పుడైతే పాము లేదు సార్."

ఇన్‌స్పెక్టరు నవ్వి సంతకం పెట్టాడు. సేటు బిడ్డ, నేను చెప్పలేదా అన్నట్టు పక్క పిల్లను చూసింది. ఆమె మాటలో అక్షరం అబద్ధం లేదు. అటు పిల్లలకు సరిపోయింది, ఇటు సర్కారుకు సరిపోయింది. ఇన్నేళ్లు కథలు చెప్పాను, ఒక్కదాని మీద కూడా ప్రభుత్వ ముద్ర పడలేదు.

ఆ సాయంత్రం పిల్లలందరినీ దించేసి, ఖాళీ బస్సును షెడ్డుకు తీసుకుపోతున్నాను. నా ఉద్యోగం నిలబడింది. ఆయమ్మ నా వెనక సీట్లో కూచుంది. చాలా రోజుల తర్వాత తానే మాట కలిపింది.

"తమ్మీ. ములుగుల ఈ బస్సు నడిపినోన్ని నువ్వు ఎన్నడన్న కలిసినవా?"

"లేదక్కా. ఎందుకు?"

"ఏం లేదు. అడివిల తిరిగిన బండి గదా. నిజంగనే ఏదన్న ఎక్కిందేమో, అడగకపోయినవా అని."

నేను పగలబడి నవ్వాను. ఆమె మాత్రం నవ్వకుండా వెనక్కి తిరిగి పెట్టె వైపు ఒకసారి చూసి, కాళ్లు రెండూ సీటు మీదికి ముడుచుకుంది.

కాస్త దూరం పోయాక, ఎందుకైనా మంచిదని నేను కూడా అద్దాన్ని కొంచెం కిందికి తిప్పి, వెనుక తలుపు దగ్గరి పెట్టె కనపడేలా పెట్టుకున్నాను.